జిడ్డు ఎక్కడికి పోతోంది?

ఈ రోజు ఉదయం ఆటోనగర్‌లోని మా షెడ్డు షట్టరు ఎత్తినప్పుడు, ఇన్నేళ్లలో మొదటిసారి, థిన్నర్ వాసన రాలేదు. లేత్ మీద తయారైన అల్యూమినియం బ్రాకెట్లకు రంగు వేసే ముందు, వాటికి అంటిన కటింగ్ ఆయిల్‌ను ఇంతకాలం మేము థిన్నర్‌లో ముంచిన గుడ్డతోనే తుడిచాము. ఆవిరైన థిన్నర్ గాలిలోకీ, తుడిచే కుర్రవాళ్ల ఊపిరితిత్తుల్లోకీ పోయేది. సాయంత్రానికి వాళ్లు తలనొప్పి అంటుంటే టీ తాగమని చెప్పి ఊరుకున్న రోజులు తలచుకుంటే నాకు బాధగా ఉంది.

కాస్టిక్ సోడా వాడమని కొందరు సలహా ఇచ్చారు. ఇనుముకు అది పనికివస్తుంది గాని అల్యూమినియాన్ని తినేస్తుంది, పైగా హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. అందువల్ల అల్యూమినియానికి హాని చేయని డిటర్జెంటును 60 డిగ్రీల వేడినీటిలో కలిపి, అల్ట్రాసోనిక్ తొట్టెలో పని మొదలుపెట్టాము. సెకనుకు 40,000 సార్లు కంపించే ధ్వని నీటిలో కంటికి ఆనని బుడగలను పుట్టించి చిదుముతుంది. ఆ తాకిడికి, గుడ్డ చేరలేని స్క్రూ మరల సందుల్లోని జిడ్డు కూడా ఊడివస్తుంది.

"ఘాటు లేని మందుకు జిడ్డు ఎలా పోతుంది బాబూ?" అన్నారు మేస్త్రి గారు. ఒక బ్రాకెట్‌ను మంచినీటిలో ముంచి, వెలుతురుకు ఎదురుగా పైకెత్తాను. జిడ్డు మిగిలితే నీరు తామరాకు మీద నిలిచినట్లు బొట్లుగా విడిపోతుంది, పూర్తిగా పోతే తెగని పలుచని పొరగా పరుచుకుంటుంది. అంతటా పొర నిలిచింది గాని, ఒక బోల్టు రంధ్రం అంచున మాత్రం నీరు ముడుచుకుంది. ఆయన గోటితో అక్కడే తాకి, "ఇదిగో, ఇక్కడ ఉంది" అన్నారు. మరో మూడు నిమిషాలు తొట్టెలో ఉంచితే అదీ పోయింది.

రబ్బరు అచ్చులను పొడి మంచు (డ్రై ఐస్, అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) గుళికలతో కొట్టి శుభ్రం చేసే పద్ధతి కూడా ఉంది. మైనస్ 78.5 డిగ్రీల ఆ గుళికలు తగిలిన చోటే వాయువుగా మారిపోతాయి, ఊడ్చవలసింది రాలిన మురికి ఒక్కటే. మా వంటి చిన్న షెడ్డుకు ఆ ఖర్చు తగదు. మూసిన గదిలో కార్బన్ డయాక్సైడ్ నేలబారున పేరుకుంటుంది కనుక, ధారాళంగా గాలి ఆడే చోటు లేకుండా దాని జోలికి పోకూడదు.

నీరు వాడుతున్నాము గదా అని ఆ తొట్టెను మురుగు కాలువలో వంచితే, గాలికి తప్పించిన విషాన్ని నీటికి అంటగట్టినట్లే. అందుకే సాయంత్రం హీటరు ఆపి, నీరు చల్లారాక, ఇంద్రధనుస్సు రంగులతో పైకి తేలిన నూనె తెట్టెను రేకుతో తీసి డ్రమ్ములో పోశాను. అడుగు నీటిని వడకట్టి రేపటి పనికి అలాగే ఉంచాను. డ్రమ్ము నిండిన తరువాత, వాడిన నూనె తీసుకునే అనుమతి గల వారికే అప్పగించాలని మేస్త్రి గారితో చెప్పి షట్టరు దించాను.