గొలుసు పట్టే చక్రం

అక్టోబరు, శనివారం రాత్రి. మ్యూనిక్.

నడుం పట్టేసింది. గోళ్లలో నలుపు ఇంకా వదల్లేదు. అయినా ఇవాళ్టిది ఇవాళే రాసేద్దామని కూర్చున్నాను.

మే నెలలో సెకండ్‌హ్యాండ్‌లో కారు కొన్నప్పుడు దానికి ఉన్నవి వేసవి టైర్లేనన్న సంగతి మేమిద్దరం పట్టించుకోలేదు. ఎండలో కొన్నవాళ్లకి మంచు ఎందుకు గుర్తొస్తుంది? ఇక్కడివాళ్లకి మాత్రం ఒక లెక్క ఉంది, ‘ఓ నుంచి ఓ దాకా’ అని. ఒక్టోబర్ నుంచి ఓస్టర్న్ దాకా, అంటే ఈస్టర్ వరకు చలికాలం టైర్లు ఉంచాలని. చట్టంలో తేదీలేమీ లేవు. రోడ్డు మీద మంచో, గడ్డకట్టిన నీళ్లో ఉన్నప్పుడు మామూలు టైర్లతో బండి తీయకూడదు, అంతే. తీస్తే 60 యూరోల జరిమానా, లైసెన్సు మీద ఒక పెనాల్టీ పాయింటు. క్రిస్మస్‌కి ఆస్ట్రియాలో సీఫెల్డ్‌కి వెళ్దామని గది కూడా బుక్ చేసేశాం. అది 1,200 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. అక్కడ నవంబరు 1 నుంచి ఏప్రిల్ 15 దాకా ఇదే నియమం, పైగా చలికాలం టైరుకి కనీసం 4 మిల్లీమీటర్ల గాడి లోతు ఉండాలి. జర్మనీలో 1.6 ఉన్నా చట్టం ఊరుకుంటుంది.

నాన్న విజిటింగ్ వీసా మీద వచ్చి నెలయింది. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లారీ టైర్లకి రీట్రెడింగ్, అంటే అరిగిన టైరుకి పైన కొత్త రబ్బరు వేసే పని, చేసిన మనిషి. ఇక్కడికొచ్చాక పార్కులు, చర్చిలు, రాజుల కోటలు అన్నీ చూపించాం. ‘బాగుందమ్మా’ అనేవారు, అంతే. ఇవాళ టైర్లు కొనడానికి వెళ్తున్నామంటే మాత్రం మాకంటే ముందు బూట్లు వేసుకుని గుమ్మం దగ్గర నిలబడ్డారు.

పొద్దున్న ముందు వెళ్లింది మా ఆయన ఆన్‌లైన్‌లో చూసిపెట్టిన పాత సెట్టు కోసం. పదిహేడు అంగుళాల అలాయ్ చక్రాలు, చలికాలం టైర్లు ఎక్కించి ఉన్నవి. ‘దాదాపు కొత్తవి’ అని రాశాడు అమ్మే ఆయన. నిజంగానే మెరిసిపోతున్నాయి. మా ఆయన చూపు చక్రాల మీద, నాన్న చూపు టైర్ల మీద. ఆయన వంగి, డాట్ అన్న అక్షరాల వెంట వేలితో తడుముకుంటూ వెళ్లి చివరి నాలుగు అంకెల దగ్గర ఆగారు. 4116. అంటే 2016లో 41వ వారంలో తయారైంది. తొమ్మిదేళ్లు. నేను రెండు యూరోల నాణెం గాడిలో పెట్టి చూశాను. ఆ నాణేనికి బయటి వెండిరంగు అంచు సుమారు 4 మిల్లీమీటర్లుంటుంది, అది మునగలేదు. నాన్న బొటనవేలి గోరుతో రబ్బరు నొక్కి, “ఎండిపోయిందమ్మా, చెక్కలాగుంది” అన్నారు. చలికాలం టైరు గొప్పంతా దాని మెత్తదనంలోనే ఉంది. చలికి మామూలు రబ్బరు బిగుసుకుపోయి రోడ్డుని పట్టుకోదు. ఇది మెత్తగానే ఉంటుంది, పైన ఉండే సన్నని చీలికలు మంచుని కరుచుకుంటాయి. మెత్తదనం పోయాక ఇక అది పేరుకే చలికాలం టైరు.

“అల్లుడుగారూ, డిస్కులు బాగున్నాయి, టైర్లు లేవు” అన్నారు నాన్న. మా ఆయన మొహం చూడాలి.

అక్కడితో అలాయ్ మోజు పోలేదు. “చక్రాలు ఇవే తీసుకుని కొత్త టైర్లు ఎక్కిద్దాం మావయ్యా” అన్నారు. అప్పుడు నేను కారు మాన్యువల్ తీశాను. ఈ పని వారం కిందటే చేసి ఉండాల్సింది. మంచులో జారకుండా టైరు చుట్టూ వేసే మంచు గొలుసులు ఏ సైజుకి వేయొచ్చో అందులో పట్టిక ఉంది. మా కారుకి 225/45 ఆర్17, అంటే ఆ పదిహేడంగుళాల సైజు, పక్కన గొలుసులు వద్దని రాసుంది. వెడల్పు టైరుకి లోపలి వైపు సందు చాలదు, గొలుసు వెళ్లి సస్పెన్షన్‌కి రాసుకుంటుంది. పదిహేనంగుళాల 195/65 ఆర్15కి మాత్రం సన్న గొలుసు వేయొచ్చు. నేనేమో ముందు చక్రం, తర్వాత టైరు, ఆఖర్న మిగిలిన డబ్బుతో గొలుసు అనుకుంటూ వచ్చాను. అసలు మొదలుపెట్టాల్సింది గొలుసు దగ్గర్నుంచి. కొండ దారిలో గొలుసు బొమ్మ ఉన్న గుండ్రటి నీలం బోర్డు కనిపిస్తే అక్కడి నుంచి గొలుసు తప్పనిసరి. అందం చూసుకుని పదిహేడు కొంటే ఆ బోర్డు దగ్గర వెనక్కి తిరగడమే.

అలా మధ్యాహ్నం టైర్ల షాపులో నల్లటి పదిహేనంగుళాల ఇనుప చక్రాలు, కొత్త టైర్లు ఎక్కించి బ్యాలెన్సింగ్ చేసినవి, నాలుగు తీసుకున్నాం. ఒక్కోటి 110 యూరోలు. మొత్తం నలభై నాలుగు వేలని నాన్న నోట్లోనే రూపాయల్లోకి మార్చేశారు. మంచులో సన్న టైరే మంచిదట, బరువంతా తక్కువ చోట పడి కిందకంటా దిగుతుంది. మా కారు టైర్లలో గాలి తగ్గిందో లేదో ఏబీఎస్‌తోనే, అంటే బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటుతోనే, లెక్కగట్టే రకం కాబట్టి చక్రాల్లో గాలి సెన్సార్లు కొనే ఖర్చు తప్పింది. టైరు మీద మూడు శిఖరాల కొండ, అందులో మంచుపువ్వు బొమ్మ, అంటే మంచుకి పనికొచ్చే టైరు గుర్తు, ఉందో లేదో మాత్రం నాలుగింటికీ చూసుకున్నాను. ఏడాదంతా వాడే రకం కూడా చూపించారు. ఊళ్లోనే తిరిగేవాళ్లకి అది చాలు, డబ్బూ చోటూ మిగులుతాయి. కొండలెక్కుదామని గదులు బుక్ చేసుకున్నవాళ్లకి కాదు.

బిల్లుతో పాటు చిన్న స్టిక్కరు ఇచ్చారు. ఈ టైర్లు గంటకి 190 కిలోమీటర్ల వరకే, కారు అంతకంటే ఎక్కువ పోగలదు కాబట్టి డ్రైవరుకి కనపడేలా అది అంటించాలి. నాన్న చాలాసేపు నవ్వారు. “నూట తొంభై దాటొద్దని చీటీ! మన లారీల వెనక నలభై అని రాసుంటుంది కదే.”

బిగించడానికి షాపులో నవంబరు దాకా ఖాళీ లేదన్నారు. ఇంటి వెనక పార్కింగ్‌లో మేమే మార్చేశాం. నాన్న జాకీ వేసి, వీల్ పానా మీద కాలు పెట్టి తొక్కబోయారు. ఆపేశాను. ఇక్కడ టార్క్ పానాతో, అంటే సరిపడా బిగుసుకోగానే టక్కుమనే పానాతో, లెక్క ప్రకారం బిగించాలి, యాభై కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి చూసుకోవాలి. ఆ టక్కుమనే శబ్దం ఆయనకి తెగ నచ్చింది. నాలుగో చక్రానికి పానా ఆయన చేతిలోంచి ఎవరూ తీసుకోలేకపోయాం.

ఆఖరికి గొలుసులు. గుడ్డ తొడుగులు తేలిగ్గా ఉన్నాయి గానీ మంచు లేని తారు మీద తొందరగా చిరుగుతాయని ఇనుపవే కొన్నాను. ముందు చక్రాలు లాగే బండి కాబట్టి ముందు రెండింటికే. మంచులో, చీకట్లో, చేతులు కొంకర్లు పోతుంటే మొదటిసారి వేయకూడదని అందరూ చెబుతారు. ఎందుకో ఇవాళ తెలిసింది. చక్రం వెనక నుంచి తీగ దూర్చి, పైన కొక్కెం తగిలించి, ముందు వైపు గొలుసు లాగి బిగించాలి. బొమ్మలో మూడే మెట్లు. మొదటి చక్రానికి నలభై నిమిషాలు పట్టింది, అదీ ఒక లింకు మెలి తిరిగి ఉందని నాన్న మళ్లీ విప్పించారు. రెండోది పది నిమిషాల్లో అయిపోయింది. వేశాక కొన్ని మీటర్లు నడిపి మళ్లీ బిగించాలట. తారు మీద ఎందుకని ఆ పని చేయలేదు. వేసుకుని 50 దాటి నడపకూడదు కూడా. గొలుసుల సంచిలో రబ్బరు చేతితొడుగులు, మోకాళ్ల కింద వేసుకోవడానికి పాత డోర్‌మ్యాట్ పెట్టాను.

వేసవి చక్రాలు కింద సెల్లార్ గదిలో పెట్టాం. ఏది ఎక్కడిదో తెలియడానికి ఇక్కడివాళ్లు జర్మన్ అక్షరాలు రాసుకుంటారు. నాన్న సుద్దముక్క తీసుకుని ‘ము.ఎ.’, ‘ము.కు.’, ‘వె.ఎ.’, ‘వె.కు.’ అని రాసేశారు.

ఇప్పుడు పక్క గదిలోంచి ఆయన గొంతు వినిపిస్తోంది. అక్కడ తెల్లారినట్టుంది, ఆటోనగర్ స్నేహితుడికి ఫోను. “అవునురా, చలికాలానికి వేరే, ఎండాకాలానికి వేరే... లేదురా, అరిగిపోయి కాదు, కొత్తవే తీసేశాం... ఏం చేస్తారేంటి, కింద కొట్లో పడుకోబెడతారు, ఈస్టర్ దాకా.”