చేరిన రోజు కాపీ చేసుకున్న డాట్ ఎన్వ్

సోమవారం పొద్దున్నే గిట్ పుల్ కొట్టి (అంటే టీమ్ రాసిన కొత్త కోడ్ దింపుకుని) నా లాప్‌టాప్‌లో లోకల్ సర్వర్ లేపాను. ఎర్రర్ ఏమీ రాలేదు, పేజీ కూడా తెరుచుకుంది. లాగిన్ నొక్కితే మాత్రం అడ్రస్ బార్‌లో 'అన్‌డిఫైన్డ్ స్లాష్ లాగిన్' అని పడి, 404.

రెండు గంటలు కోడ్ తవ్వాను. బయటి లైబ్రరీలుండే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ చెరిపేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను (ఏమీ తోచనప్పుడు మేమందరం చేసే శాంతిపూజ అది). పోయిన వారమే చేరిన కుర్రాడి లాప్‌టాప్‌లో మాత్రం అంతా చక్కగా నడుస్తోంది. తనే మెల్లగా అడిగాడు: "అన్నా, మీ ఎన్వ్ ఫైలు ఎప్పటిది?"

నేను చేరిన రోజుది. ఎన్వ్ ఫైలంటే చిరునామాలు, పాస్‌వర్డుల లాంటి సెట్టింగులు 'పేరు = విలువ' అని రాసుకునే ఫైలు. మా రిపోలో (టీమ్ కోడ్ అంతా ఉండే చోట) డాట్ ఎన్వ్ డాట్ ఎగ్జాంపుల్ అని ఒక నమూనా ఉంటుంది. దాన్ని డాట్ ఎన్వ్ పేరుతో కాపీ చేసుకుని, ఎవరి పాస్‌వర్డులు వాళ్లు నింపుకుంటాం. పాస్‌వర్డులు ఉంటాయి కాబట్టి అది గిట్‌ఇగ్నోర్‌లో, అంటే గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితాలో ఉంటుంది. పుల్ చేస్తే నమూనా మారుతుంది, నాది మారదు. పైగా మా కోడ్‌ని నడిపే నోడ్‌ని అందులో లేని కీ (సెట్టింగ్ పేరు) అడిగితే గొడవ చేయదు, అన్‌డిఫైన్డ్, అంటే 'విలువ లేదు' అని చేతిలో పెట్టి ఊరుకుంటుంది.

రెండు ఫైళ్లలోనూ 'ఈక్వల్ టు' గుర్తుకు ముందున్న పేర్లు మాత్రమే తీసి, సార్ట్ చేసి, డిఫ్ పెట్టి తేడాలు చూశాను. విలువలు ఎలాగూ ఎవరివి వాళ్లవే. నా దగ్గర లేనివి నాలుగు, ఎప్పుడో తీసేసినా నేను మోస్తున్నవి ఏడు.

దాన్నే స్క్రిప్టుగా చేసి పోస్ట్ మెర్జ్ హుక్‌లో (కొత్త కోడ్ కలిసిన వెంటనే గిట్ తనంతట తాను నడిపే స్క్రిప్టు) పెట్టాను. అది నా ఒక్కడికే పనిచేసింది. హుక్స్ డాట్ గిట్ ఫోల్డర్‌లో ఉంటాయి కాబట్టి కమిట్‌తో మిగతావాళ్లకి వెళ్లవు. ఇచ్చినా, మెర్జ్ బదులు రీబేస్‌తో (తమ మార్పుల్ని కొత్త కోడ్ పైన మళ్లీ పేర్చే పద్ధతి) పుల్ చేసేవాళ్లకి ఆ హుక్ నడవదు. చివరికి ప్రాజెక్టు కమాండ్లుండే ప్యాకేజ్ డాట్ జేసన్ ఫైల్లో 'ప్రీడెవ్' కింద రాశాను. సర్వర్ లేపడానికి ఎన్‌పీఎం రన్ డెవ్ కొడితే ముందు అదే నడుస్తుంది. కీ తక్కువైతే దాని పేరు చెప్పి ఆపేస్తుంది.

"లేనివి ఆ స్క్రిప్టే కాపీ చేసేస్తే పోలా?" అన్నారొకరు. నేను ఒప్పుకోలేదు. నమూనాలోని ఉత్తుత్తి విలువలు వచ్చి కూర్చుంటే, తప్పు ఇంకెక్కడో బయటపడుతుంది, మళ్లీ రెండు గంటలు.

మర్నాడు మొదట ఆగింది మా లీడ్ గారి సర్వర్. ఆయనకి తొమ్మిది తక్కువ.