అత్తయ్య ట్రంకుపెట్టెలో దొరికిన లేసు

పోయినేడాది కూకట్‌పల్లి నుంచి నిజాంపేటకి ఇల్లు మారుతున్నప్పుడు, అత్తయ్య ట్రంకుపెట్టె అడుగున పాత పేపర్లో చుట్టిన లేసు ఒకటి కనిపించింది. గుండ్రంగా, అన్నం పళ్ళెమంత ఉంది. తెల్లదారం కాస్త పసుపు తిరిగింది కానీ ఒక్క కుట్టూ ఊడలేదు. "పెళ్ళికి ముందు నేనల్లిందే" అన్నారు అత్తయ్య, సామాను సర్దుతూనే.

నేను ఆ ఇంటికి కోడలినై 11 ఏళ్ళు. ఆవిడకి ఈ పని వచ్చని అప్పటిదాకా నాకు తెలియదు.

అత్తయ్యది నర్సాపురం పక్క పల్లె. 19వ శతాబ్దంలో స్కాట్లాండ్ మిషనరీలు నేర్పిన క్రోషే అల్లిక, అంటే కొక్కెం ఉన్న సూదితో దారం అల్లే పని, ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళకి ఇంటిపట్టున చేసుకునే కూలిపని అయింది. ఏజెంటు దారం ఇచ్చి వెళ్ళేవాడట. ఒకరు పువ్వులు అల్లితే ఇంకొకరు వాటిని కలిపేవారు. చేతిపని వేరు, అతుకుపని వేరు. ఎంత దారం అల్లితే అంత కూలి. పదేళ్ళ వయసు నుంచీ అదే పని ఆవిడకి. అందుకే నేర్పమని అడిగితే, "కళ్ళు లాగేస్తాయమ్మాయ్, ఉద్యోగం ఉంది కదా, నీకెందుకిది?" అన్నారు.

ఆఫీసు నుంచి వచ్చాక పదకొండింటి దాకా ఫోన్ చూస్తూ కూర్చోవడం నాకే విసుగొచ్చింది. చేతులకి ఏదైనా పని కావాలనిపించింది. ఆవిడ ఒప్పుకునేలోపే సుల్తాన్ బజార్ వెళ్ళి, 20 నంబరు దారం, 4 మిల్లీమీటర్ల సూది తెచ్చేశాను. దాంతో అల్లితే చేపల వలలా వచ్చింది. అత్తయ్య చేతిలోకి తీసుకుని, "ఇది ఊలు సూది. దీనికి సన్న స్టీలు సూది కావాలి" అన్నారు. మళ్ళీ వెళ్ళి 1.25 మిల్లీమీటర్లది తెచ్చాను. దారం నంబరు పెరిగేకొద్దీ సన్నబడుతుందని కూడా ఆ రోజే తెలిసింది.

మొదటి రెండు వారాలూ గొలుసు కుట్టే. దారం బిగించి పట్టేదాన్ని, తర్వాతి వరసలో సూది దూరేది కాదు. దారాన్ని ఎడమచేతి చిటికెన వేలికి ఒక చుట్టు చుట్టి, చూపుడువేలి మీదుగా వదలాలని అత్తయ్య నా వేళ్ళు పట్టుకుని చూపించారు. ఏ వీడియో చూసినా అంతగా అర్థం కాలేదు. పైగా వాటిలో పేర్ల గందరగోళం ఒకటి. అమెరికా వాళ్ళు సింగిల్ అనే కుట్టునే ఇంగ్లండ్ వాళ్ళు డబుల్ అంటారు. అది తెలియక అల్లిన పువ్వు ఒకటి మొత్తం విప్పాల్సి వచ్చింది. అత్తయ్యకి ఆ గొడవ లేదు. పొట్టి కుట్టు, పొడుగు కుట్టు, అంతే.

గుండ్రటి లేసు దగ్గర నెల రోజులు ఆగిపోయాను. పొడుగు కుట్లతో అల్లేటప్పుడు మొదటి వరసలో 12 ఉంటే, రెండోదానిలో 24, మూడోదానిలో 36 రావాలి. తగ్గితే గిన్నెలా లోపలికి ముడుచుకుంటుంది, ఎక్కువైతే అంచు కుచ్చిళ్ళు పడుతుంది. నాకు రెండూ అయ్యాయి. నాలుగుసార్లు విప్పాను. ఐదోసారి బల్ల మీద పరిస్తే చదునుగా ఉంది. ఆ రాత్రి ఆనందంతో చాలాసేపు నిద్రపట్టలేదు.

నర్సాపురం లేసుకి 2024లో, అది ఆ ప్రాంతపు పనేనని చెప్పే భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చిందని అత్తయ్యకి చెప్పాను. "మరి కూలి పెరిగిందా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. అప్పటి నుంచి ఎక్కడైనా చేత్తో అల్లిన లేసు కనిపిస్తే బేరమాడబుద్ధి కాదు. ఒక్కో వరసకి ఎంతసేపు పడుతుందో నా వేళ్ళకి తెలుసు.

తొమ్మిది సాయంత్రాలు పట్టింది నా మొదటి లేసుకి. ఉతికి, పల్చటి గంజిలో ముంచి, థర్మాకోల్ షీటు మీద తువ్వాలు పరిచి, అంచు చుట్టూ గుండుసూదులు గుచ్చి ఆరబెట్టాను. ఆరాక అత్తయ్యకి ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని, తిరగేసి, వేలితో ఒక్కో వరసా తడుముకుంటూ వెళ్ళి ఏడో వరసలో ఆగారు.

"ఇక్కడ ఒక కుట్టు దాటేశావు. కూలికైతే ఇది విప్పాల్సిందే." కాసేపాగి, "మనింటికే కదా, ఉండనీ" అని తీసుకెళ్ళి దేవుడి పీట మీద పరిచారు.