తార్నాక దగ్గర ఆరో వచనం

మన బడి స్క్రిప్చర్ పీరియడ్‌లో బైబిలు కంఠత వాక్యం అప్పజెప్పే క్రమం ఇది: ముందు రిఫరెన్సు (పుస్తకం పేరు, అధ్యాయం, వచనం అంకె), తర్వాత వాక్యం, చివర మళ్లీ రిఫరెన్సు. దాన్ని చాదస్తం కింద కొట్టేసిన బ్యాచీల వాళ్లకు ఈనాటికీ వాక్యం వస్తుంది గానీ, అది రోమా పత్రికలో ఉందో కొలొస్సయిలో ఉందో చెప్పలేరు. అంకెలకు అర్థం ఉండదు కాబట్టి అవే ముందు జారిపోతాయి. వాక్యానికి రెండు కొసలా కట్టేస్తేనే నిలుస్తాయి. ఈ సంచిక చదివేవారిలో సండే స్కూల్లోనో వీబీఎస్‌లోనో (సెలవుల బైబిలు బడి) పిల్లలకు నేర్పేవారు చాలామందే ఉంటారు గనుక, ఆ పీరియడ్ పద్ధతులే ఎందుకు పనిచేస్తాయో చెబుతూ రాస్తున్నాను.

బోర్డు తుడవడం అందరికీ గుర్తుండే ఉంటుంది. వాక్యమంతా రాసి, తరగతి మొత్తం ఒకసారి చదివాక రెండు మాటలు తుడిచేవారు. మళ్లీ చదవడం, మళ్లీ రెండు. ఏ మాట ముందు తుడవాలన్నదే ఇందులో కీలకం. 'చింతపడకుడి', 'ప్రార్థన' వంటి బరువైన మాటలు ముందు పోవాలి, అవి ఎలాగూ గుర్తుంటాయి. గాని, కాగా, చేత, యందు చివరిదాకా బోర్డు మీదే ఉండాలి. పిల్లలు ఎక్కువగా తడబడేది వీటి దగ్గరే. ఇంట్లో బోర్డు లేకపోతే పలక చాలు.

రెండోది మొదటి అక్షరాల వరుస. ఫిలిప్పీయులకు 4:6 తీసుకోండి: "దేనినిగూర్చియు చింతపడకుడి గాని ప్రతి విషయములోను ప్రార్థన విజ్ఞాపనములచేత కృతజ్ఞతాపూర్వకముగా మీ విన్నపములు దేవునికి తెలియజేయుడి." పన్నెండు మాటలు. చీటీ మీద రాయాల్సింది ఇంతే: దే, చిం, గా, ప్ర, వి, ప్రా, వి, కృ, మీ, వి, దే, తె. గుణింతం, ఒత్తు కూడా చేతికొస్తాయి కాబట్టి మాట దానంతటదే లేస్తుంది. చిక్కల్లా ఆ మూడు 'వి'ల దగ్గర. విజ్ఞాపనముల చోట విన్నపములు, విన్నపముల చోట విజ్ఞాపనములు పెట్టి సాఫీగా చెప్పేస్తారు, తప్పు తమకే తెలియదు. అలాంటి చోట రెండక్షరాలు రాయాలి: విష, విజ్ఞా, విన్న. ఇక అదే అధ్యాయం ఎనిమిదో వచనంలో ఆరు గుణాల వరుస ఉంది: సత్యమైనవి, మాన్యమైనవి, న్యాయమైనవి, పవిత్రమైనవి, రమ్యమైనవి, ఖ్యాతిగలవి. స-మా-న్యా, ప-ర-ఖ్యా అని మూడేసిగా విరిచి పట్టుకుంటే వరుస తారుమారు కాదు.

పాత అనువాదంలో నేర్చుకునేటప్పుడు నాలుక 'తెలియజేయండి' వైపు లాగుతుంది. అది తప్పే అంటాను. ఒక్క క్రియ వాడుకలోకి జారితే మిగతావీ అటే పోతాయి. వాడుక భాష అనువాదంలో నేర్చుకోవాలంటే హాయిగా నేర్చుకోండి, సగం అందులో సగం ఇందులో మాత్రం వద్దు.

వచనం అంకె దగ్గర ఆగిపోవడం ఇంకో లోపం. ఈ అంకెలు ఆ పత్రిక రాసిన పౌలు వేసినవి కావు. కొత్త నిబంధనలో ఇప్పుడున్న వచన సంఖ్యలు 1551లో రాబర్ట్ ఎస్టియెన్ అనే ముద్రాపకుడు వేసినవి. "దేవుని సమాధానము" అనే ఏడో వచనం "అప్పుడు" అని మొదలవుతుంది, ఆరు లేకుండా దానికి తలే లేదు. రెండూ కలిపే నేర్చుకోవాలి.

అధ్యాయమంతా పట్టాలనుకునేవారికి మన హైదరాబాద్‌లో మెట్రో ఉంది. నాగోల్ నుంచి రాయదుర్గం దాకా 23 స్టేషన్లు, ఫిలిప్పీయులకు నాలుగో అధ్యాయంలో 23 వచనాలు. స్టేషన్‌కొక వచనం తగిలించండి. తార్నాక ఆరోది, అక్కడ చింతపడకుడి. బేగంపేట పదమూడోది, అక్కడ "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను." అమీర్‌పేటలో ఎక్కితే పద్నాలుగు నుంచే అందుకోవాలి, అదీ మేలే. మొదటినుంచి తప్ప చెప్పలేకపోవడం కంఠతంలో పెద్ద జబ్బు. మియాపూర్–ఎల్.బి.నగర్ లైనులో 27 స్టేషన్లు, యాకోబు పత్రిక మొదటి అధ్యాయానికి సరిగ్గా సరిపోతాయి. దిక్కులేని పిల్లలను పరామర్శించమనే చివరి వచనం అనాథాశ్రమం పేరున్న విక్టోరియా మెమోరియల్ దగ్గర పడాల్సింది, ఒక్క స్టేషన్ తేడాతో ఎల్.బి.నగర్‌కు పోయింది.

రాగం కట్టి నేర్పడం చిన్నపిల్లలకు బాగుంటుంది. పెద్దయ్యాక రాగం లేకుండా ఆ మాట రాదు, మధ్యలో ఆపితే మళ్లీ పల్లవికి పోవాలి. అందుకే పాడించాక అదే వాక్యాన్ని వట్టి మాటలుగా కూడా చెప్పించాలి. 136వ కీర్తనలో 26 వచనాలూ "ఆయన కృప నిరంతరముండును" అనే ముగుస్తాయి, కాబట్టి తోక తేలిక, వరుసే కష్టం. సృష్టి, ఐగుప్తు, ఎర్ర సముద్రం, అరణ్యం, రాజులు అని కథ వరుస ముందు పట్టుకోవాలి.

మననం లేకపోతే ఇదంతా వృథా. కొత్త వాక్యం వారం రోజులు రోజూ, తర్వాత నెల రోజులు వారానికోసారి, ఆపైన నెలకోసారి. వారానికి రెండు కొత్త వాక్యాలకు మించితే పాతవి చూసే తీరిక ఉండదు. అప్పజెప్పించుకునేవారు బైబిలు తెరిచి పెట్టుకోవాలి, అవతలివాళ్లు తడబడగానే మాట అందించకూడదు. మూడు అంకెలు లెక్కపెట్టేంతసేపు ఆగి, మొదటి అక్షరం మాత్రమే ఇవ్వాలి. అయినా రాకపోతే ఆ వాక్యం చీటీ మళ్లీ రోజూ చెప్పాల్సిన వాటి కట్టలోకి పోతుంది.