పండు రాలే కాలంలో గోవా

ఏప్రిల్‌లో మా ఉద్దానంలో ఏ జీడితోటలోకి వెళ్ళినా ఒకటే వాసన. రాలిన పళ్ళు ఎండకి మగ్గి, పులిసి, తియ్యగా ఘాటుగా ముక్కుకి తగులుతాయి. మాది శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలం. పండు నుంచి పిక్కని తిప్పి లాగి గోనెలో వేసుకుంటాం, పండుని చెట్టు కిందే పారేస్తాం. ఆవులు తిన్నన్ని తింటాయి, మిగతావి మట్టిలో కలిసిపోతాయి. చిన్నప్పుడు ఉప్పూకారం అద్దుకుని తినేవాళ్ళం. గొంతు పట్టేసేది. చొక్కా మీద రసం పడితే ఆ మరక ఎన్నిసార్లు ఉతికినా పోయేది కాదు. అంతకుమించి ఆ పండుతో మాకు పని లేదు.

ఇదే పండు కోసం గోవాలో ఊళ్ళకి ఊళ్ళు ఎదురుచూస్తాయని నాతో పనిచేసే గోవా స్నేహితుడు ఏళ్ళ తరబడి చెబుతున్నాడు. ఆ రసంతో కాచే ఉర్రాక్ అనే సారా ఎండాకాలంలోనే వస్తుంది, వానలు పడేసరికి అయిపోతుంది. వాళ్ళ మేనమామకి సత్తరి తాలూకాలో దాన్ని కాచే భట్టీ ఉంది. ఈసారి సెలవు పెట్టేసి విశాఖలో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను.

కాజిల్ రాక్ స్టేషన్ దాటి ఘాట్ దిగుతుంటే దూధ్‌సాగర్ జలపాతం రాతి మీద సన్నటి గీతలా ఉంది. దానికోసం కిటికీల దగ్గర చేరినవాళ్ళు ఉసూరుమన్నారు. నా కళ్ళు మాత్రం ఘాట్ దిగాక కనిపించిన జీడిచెట్ల మీదే ఉన్నాయి. అవే వంకర కొమ్మలు, అవే ఎర్రటి, పసుపుపచ్చ పళ్ళు.

మొదటి రాత్రి బీచ్ పక్కన ఒక చోట ఉర్రాక్ అడిగితే గ్లాసులో ఏదో పోసి తెచ్చారు. గొంతు మండింది. రెండో గుక్క తాగలేకపోయాను. మర్నాడు స్నేహితుడికి చెబితే, అది నీళ్ళు కలిపిన ఫెనీ, అంటే ఉర్రాక్‌ని మళ్ళీ కాచి తీసే ఘాటు సారా, అయ్యుంటుందన్నాడు. అసలు సరుకు దొరికే రోజుల్లోనే ఇలా అమ్మితే, అడవి అంచున పొద్దున్నే లేచి పళ్ళు ఏరేవాళ్ళ కష్టానికి విలువేముంటుంది? నాకు నిజంగా బాధేసింది.

వాల్పోయ్ దాటి లోపలికి వెళ్తే భట్టీ కనిపించకముందే వాసన వచ్చింది. మా తోట వాసనే, పైన కట్టెల పొగ. మేనమామకి అరవై దాటి ఉంటాయి. అందరిలాగే నేనూ ‘కాకా’ అన్నాను. ఆడవాళ్ళు బుట్టలతో పళ్ళు తెచ్చి కుమ్మరిస్తున్నారు. చెట్టు నుంచి కోసిన పండు ఒక్కటీ లేదు, అన్నీ తమంత తాము రాలినవే. అప్పుడే పండు పూర్తిగా పక్వానికి వచ్చినట్టట. పైగా ఈ పండు ఎక్కువసేపు ఆగదు, ఏరిన రోజే తొక్కేయాలి. ఇప్పుడు చాలా చోట్ల యంత్రాలు వచ్చాయి. కాకా భట్టీలో ఇంకా కాళ్ళతోనే తొక్కుతున్నారు.

తొక్కగా మిగిలిన పిప్పిని ముద్దగా చేసి, పైన బరువు పెట్టి వదిలేస్తారు. అందులోంచి చుక్కచుక్కగా జారేదే నీరో. కాకా ఒక స్టీలు గ్లాసు దాని కింద పెట్టి, నిండేదాకా నన్ను కూర్చోబెట్టాడు. తేటగా, లేత పసుపుగా, చెరుకురసం కంటే పల్చగా ఉంది. గొంతు పట్టే ఆ వగరు దాదాపు లేదు. ముప్ఫై ఏళ్ళు ఆ చెట్ల కింద తిరిగి ఈ రుచి నాకు తెలియకపోవడమేమిటనిపించింది. ఇందులో మత్తు ఉండదు, పిల్లలు కూడా తాగుతారు.

తొక్కిన రసాన్ని రెండు మూడు రోజులు పులియబెడతారు. బయటి నుంచి ఈస్ట్ వెయ్యరు, గాలిలోదీ పండు మీదదీ చాలు. తర్వాత రాగి పాత్రలో పోసి, మూత చుట్టూ సందు లేకుండా మట్టి మెత్తి, కింద కట్టెల మంట పెడతారు. ఆవిరి గొట్టంలోంచి వెళ్ళి నీళ్ళ మధ్య చల్లబడి చుక్కలుగా దిగుతుంది. ఈ మొదటి కాపే ఉర్రాక్. ఆల్కహాల్ సుమారు 15 శాతం ఉంటుంది. దాన్ని మళ్ళీ కాస్తే ఫెనీ, అది 42 శాతం పైమాట. కాకా ఫెనీని కొంచెం ఎత్తు నుంచి గ్లాసులోకి పోసి నురుగు చూపించాడు. బుడగలు ఎంతసేపు నిలుస్తాయన్నది చూసి ఘాటు చెప్పేస్తాడు. ఫెనీ అన్న పేరే ఆ నురుగు నుంచి వచ్చిందంటారు, కొంకణిలో ‘ఫేణ్’. మన ఫేనమే.

ఫెనీని పెద్ద గాజు జాడీల్లో ఏళ్ళ తరబడి దాచుకోవచ్చు. ఉర్రాక్ నిలవ ఉండదు. అందుకే దాని కోసం జనం అక్కడికే రావాలి. నిమ్మకాయ పిండి, ఉప్పు వేసి, పచ్చిమిర్చి చీల్చి పడేసి, లిమ్కా కలిపి ఇచ్చారు. ముందు పండు వాసన, తర్వాత నిమ్మ పులుపు, చివర్లో మిర్చి. ముందురాత్రి మంట జాడైనా లేదు. ఒక్క గ్లాసుతో ఆపేశాను, ఎండలో అది చాలు.

జీడిచెట్టుని బ్రెజిల్ నుంచి పోర్చుగీసువాళ్ళు తెచ్చారు. వాళ్ళ దేశంలో లేని ఈ సారాని గోవా పల్లెలు సొంతం చేసుకున్నాయి. 2009లో గోవా జీడి ఫెనీకి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. 2016లో ఆ రాష్ట్రం దాన్ని వారసత్వ పానీయంగా ప్రకటించింది. కాకా దగ్గర ఎక్సైజ్ లైసెన్స్ ఉంది. సీజన్‌లో ఆ ఊళ్ళో పది ఇళ్ళకి దీనిమీదే పని.

మా వైపు ఇదే పని చేస్తే నాటుసారా కేసు. నాటుసారా కూల్చిన ఇళ్ళు నేను చూశాను, కాబట్టి ఊరికో భట్టీ పెట్టమని అనలేను. కానీ నీరోకి ఏ అడ్డూ లేదు కదా. 2018లో తిత్లీ తుపానుకి మా తోటలో సగం చెట్లు పడిపోయాయి. అప్పటి నుంచి నాన్న పిక్కల ధర ఒక్కదాన్నే నమ్ముకుని ఉన్నాడు. బస్తా రేటు పడిపోయిన ఏడు ఇంట్లో అందరికీ టెన్షనే.

అక్కడి నుంచే నాన్నకి ఫోన్ చేశాను.

“పళ్ళేటి చేసేవు నాన్నా?”

“ఏటి సేస్తాం, తోటలోనే ఉన్నాయి.”

“రేపొద్దున కొన్ని ఏరి, నలిపి, బట్టలో వేసి వేలాడదీయి. కింద గిన్నె పెట్టు. జారినదాన్ని తాగి చూడు.”

కాసేపు ఆగి, “ఉప్పెయ్యాలా?” అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు బ్యాగులో ఏమీ తెచ్చుకోలేదు. పలాసలో దిగి ఇంటికెళ్ళి చొక్కా విప్పి బకెట్లో వేశాను. అమ్మ దాన్ని పైకెత్తి, జేబు కింద గోధుమరంగు మరక చూసి అడిగింది: “గోవా ఎల్తానని ఏ తోటకెల్లేవురా?”