బయోస్‌కు కనిపించింది, ఇన్‌స్టాలర్‌కు కనిపించలేదు

నా ల్యాప్‌టాప్‌లోని 256 జీబీ డ్రైవ్ నిండిపోయి ఏడాది దాటింది. నెలకోసారి ఏదో ఒకటి చెరిపేసి చోటు చేసుకుంటూ నెట్టుకొచ్చాను. చివరికి విసుగెత్తి 1 టీబీ ఎన్‌వీఎంఈ డ్రైవ్ (వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ రకం) కొన్నాను. పాతదాన్ని ఉన్నది ఉన్నట్టుగా కొత్తదాంట్లోకి దింపే సాఫ్ట్‌వేర్లు లేకపోలేదు. కానీ ఇన్నేళ్ల చెత్తను కొత్తింట్లోకి మోసుకెళ్లడం ఇష్టం లేక, విండోస్ 11ను మొదటి నుంచి ఎక్కించుకుందామనుకున్నాను. ఫైళ్లన్నీ బయటి హార్డ్ డిస్కులో దాచుకున్నాను. 16 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఇన్‌స్టాలర్ సిద్ధం చేసుకున్నాను. గంటన్నరలో పని అయిపోతుందని నా లెక్క.

డ్రైవ్ బిగించడం నిజంగానే సులువు. వెనక మూతకున్న పది స్క్రూలు విప్పి, బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, పాత డ్రైవ్‌ను పట్టి ఉంచిన ఒక్క చిన్న స్క్రూ తీస్తే అది తనంతట తానే కొంచెం పైకి లేస్తుంది. కొత్తదాన్ని అదే వాలులో లోపలికి దూర్చి, కిందికి నొక్కి, స్క్రూ బిగించాలి. 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు, అంతే. ఇంత చిన్న ముక్కలో అంత సమాచారం ఎలా పడుతుందో అని ఒక నిమిషం అటూ ఇటూ తిప్పి చూశాను కూడా.

పెన్‌డ్రైవ్‌తో బూట్ చేశాను. భాష, కీబోర్డు, లైసెన్సు ఒప్పందం అన్నీ గబగబా దాటేశాను. విండోస్‌ను ఎక్కడ ఎక్కించాలో అడిగే పేజీ వచ్చింది. అక్కడ డ్రైవ్‌ల జాబితా ఉండాలి. తెల్లటి ఖాళీ పెట్టె ఉంది. దాని కింద ఒక వాక్యం: డ్రైవ్‌లేవీ దొరకలేదు, స్టోరేజ్ డ్రైవర్ కోసం 'లోడ్ డ్రైవర్' నొక్కండి అని. బండే లేదంటూ డ్రైవర్‌ను పిలుచుకురమ్మంటోంది. (ఇక్కడ డ్రైవర్ అంటే ఒక పరికరంతో విండోస్ మాట్లాడడానికి కావలసిన చిన్న సాఫ్ట్‌వేర్.) ఆ మాటను నేను పట్టించుకోలేదు. సమాధానం మొదటి నిమిషంలోనే తెర మీద రాసి ఉంది, కానీ నా చూపంతా 'దొరకలేదు' అన్న మాట మీదే ఆగిపోయింది.

సరిగా బిగించలేదేమో అనుకున్నాను. మళ్లీ పది స్క్రూలూ విప్పి, డ్రైవ్ తీసి, ఊది, మళ్లీ పెట్టాను. జాబితా ఖాళీ. తప్పు రకం కొన్నానేమో అని అప్పుడు కొత్త భయం పట్టుకుంది. ఇది ఉత్త భయమేమీ కాదు. చూడ్డానికి ఒకేలా ఉండే ఎం.2 డ్రైవ్‌లలో (ఈ సన్నటి పలక ఆకారం పేరే ఎం.2) పాత పద్ధతిలో మాట్లాడే సాటా రకం వేరు, ఎన్‌వీఎంఈ రకం వేరు. ఎన్‌వీఎంఈకి మాత్రమే పనిచేసే స్లాట్‌లో సాటా రకం పెడితే చక్కగా కూర్చుంటుంది, కానీ ఉలకదు పలకదు. సాటా రకానికి సాధారణంగా అంచున రెండు గాట్లు ఉంటాయి, ఎన్‌వీఎంఈకి ఎక్కువగా ఒకటే. మూడోసారి మూత విప్పి, ఫోను వెలుతురులో చూశాను. ఒకటే గాటు. రకం సరైనదే. ఈసారి మూత పెట్టి నాలుగు మూలలా నాలుగు స్క్రూలే బిగించాను, ఎలాగూ మళ్లీ విప్పాల్సి వస్తుందని.

డ్రైవ్ చచ్చిపోయిందని తీర్మానించుకుని, వాపసు పంపడానికి డబ్బా వెతుకుతూ తమ్ముడికి ఫోన్ చేశాను. నా కథంతా విని ఒకే ప్రశ్న వేశాడు.

"అక్కా, బయోస్‌లో కనిపిస్తోందా?"

"చూడలేదు."

"మూడుసార్లు విప్పావు కానీ అది చూడలేదా?"

నిజమే. విండోస్ కన్నా ముందు లేచే మదర్‌బోర్డు సాఫ్ట్‌వేరే బయోస్. అందులోకి వెళ్లడానికి ఎఫ్2 నొక్కి పట్టుకుంటే చాలు. వెళ్లి చూస్తే డ్రైవ్ మోడల్ పేరు, పక్కనే 1000.2 జీబీ అన్న అంకె తాపీగా కూర్చుని ఉన్నాయి. మదర్‌బోర్డుకు అది తెలుసు, పేరుతో సహా తెలుసు. తెలియనిది ఇన్‌స్టాలర్‌కే. అంటే నేను ఇంతసేపూ స్క్రూడ్రైవర్ పట్టుకుని తప్పు చోట తవ్వుతున్నాను.

నమ్మకం కుదరక ఇంకో పరీక్ష కూడా చేశాను. తమ్ముడు చెప్పినట్టు వేరే పెన్‌డ్రైవ్‌లో ఉన్న లినక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్‌ను, ఎక్కించకుండానే, నేరుగా నడిపి టెర్మినల్‌లో 'ఎల్ఎస్‌బీఎల్‌కే' (డ్రైవ్‌ల జాబితా చూపే ఆదేశం) అని కొట్టాను. 931.5జీ అంటూ డ్రైవ్ వెంటనే ప్రత్యక్షమైంది. 1000.2కూ 931.5కూ తేడా చూసి ఎవరో మోసం చేశారనుకోనక్కర్లేదు. ఒకరు వెయ్యి చొప్పున లెక్కిస్తారు, ఇంకొకరు 1024 చొప్పున. డ్రైవ్ ఒకటే.

మళ్లీ విండోస్ ఇన్‌స్టాలర్‌కు వచ్చాను. షిఫ్ట్‌తో పాటు ఎఫ్10 నొక్కితే నల్లటి కమాండ్ కిటికీ తెరుచుకుంటుంది. అందులో 'డిస్క్‌పార్ట్', తర్వాత 'లిస్ట్ డిస్క్' అని కొట్టాను. ఒకే వరుస వచ్చింది: డిస్క్ 0, 14 జీబీ. అది నా పెన్‌డ్రైవే. ఇక్కడ కాస్త ఆగి ఒక మాట చెప్పాలి. కొత్త డ్రైవ్ కనిపించకపోతే డిస్క్ 0ను ఎంచుకుని 'క్లీన్' కొట్టమని ఎక్కడో చదివిన గుర్తు. సైజు చూడకుండా ఆ సలహా పాటించి ఉంటే, ఏ పెన్‌డ్రైవ్ మీద నిలబడి ఈ పని చేస్తున్నానో దాన్నే తుడిచేసి ఉండేదాన్ని. కూర్చున్న కొమ్మను నరుక్కోవడమంటే అదే.

అసలు సంగతి వీఎండీ. ఇంటెల్ ప్రాసెసర్లలో ఉండే వాల్యూమ్ మేనేజ్‌మెంట్ డివైస్ అన్న ఏర్పాటు ఇది. 2017లో సర్వర్ ప్రాసెసర్లలో వచ్చింది. చాలా డ్రైవ్‌లను ఒక గుంపుగా నడపడానికి, యంత్రం ఆపకుండానే డ్రైవ్‌లు మార్చడానికి అక్కడ పనికొస్తుంది. 11వ తరం నుంచి ల్యాప్‌టాప్‌లలోకీ వచ్చింది, నాది ఆ తరమే. ఇది పనిచేస్తున్నప్పుడు ఎన్‌వీఎంఈ డ్రైవ్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు నేరుగా ఎదురుపడదు, వీఎండీ వెనక ఉంటుంది. వీఎండీతో మాట్లాడగల డ్రైవర్ ఉన్నవాళ్లకు వెనకున్నవన్నీ కనిపిస్తాయి, లేనివాళ్లకు తలుపు మూసి ఉన్నట్టే. మామూలు ఎన్‌వీఎంఈ డ్రైవర్ విండోస్‌లో 8.1 నుంచీ ఉంది, కానీ తలుపు తెరుచుకోనిదే దాని అవసరం రాదు. లినక్స్ కెర్నల్‌లో వీఎండీ డ్రైవర్ ముందే ఉండడం వల్ల అక్కడ చిటికెలో కనిపించింది. నా పెన్‌డ్రైవ్‌లోని విండోస్ ఇన్‌స్టాలర్‌లో అది లేదు.

దారులు రెండు. బయోస్‌లో వీఎండీని ఆపేయడం ఒకటి, ఇన్‌స్టాలర్‌కు డ్రైవర్ ఇవ్వడం రెండోది. ఒక్క డ్రైవ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో వీఎండీ లేకపోయినా కొంపలేమీ మునగవు కాబట్టి మొదటిదే తేలిక. అయితే నా బయోస్‌లో ఆ మీట ఎక్కడా లేదు. ఇంకొకటి, విండోస్ అప్పటికే ఎక్కి ఉన్న యంత్రంలో ఈ మీట ఊరికే మార్చకూడదు. బూట్ డ్రైవ్ అందడం లేదంటూ నీలి తెర వచ్చి కూర్చునే అవకాశం ఉంది. నాది ఖాళీ డ్రైవ్ కనుక ఆ బెడద లేదు, కానీ మీట కూడా లేదు. రెండో దారే పట్టాను.

ల్యాప్‌టాప్ తయారీదారు సైటులో నా మోడల్ పేరు కింద, వీఎండీతో మాట్లాడగల ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ టెక్నాలజీ డ్రైవర్ దొరికింది. ఇంట్లో ఉన్న ఇంకో పాత ల్యాప్‌టాప్‌లో దింపి, పెన్‌డ్రైవ్‌లో వేసి, 'లోడ్ డ్రైవర్' నొక్కి ఆ ఫోల్డర్ చూపించాను. సంతకం ఉన్న డ్రైవర్లేవీ లేవంది. మళ్లీ చూపించాను. మళ్లీ లేవంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదేనని తర్వాత అర్థమైంది. డ్రైవర్ ఆ ఫోల్డర్‌లోనే ఉంది, కానీ ఈఎక్స్‌ఈ ఫైలు పొట్టలో ఉంది. విండోస్ నడుస్తున్నప్పుడు రెండుసార్లు నొక్కి ఎక్కించుకునే ఫైలు అది. ఇన్‌స్టాలర్‌కు అది అక్కరలేదు. దానికి కావలసింది విడివిడిగా ఉన్న ఐఎన్ఎఫ్, ఎస్‌వైఎస్, సీఏటీ ఫైళ్లు.

విప్పడానికి ఆ ప్యాకేజీలోనే ఏర్పాటు ఉంది. ఆ పాత ల్యాప్‌టాప్‌లో కమాండ్ కిటికీ తెరిచి, ఈఎక్స్‌ఈ పేరు కొట్టి, ఖాళీ వదిలి, హైఫన్ పెట్టి 'ఎక్స్‌ట్రాక్ట్‌డ్రైవర్స్' అని కలిపి రాసి, ఫైళ్లు ఏ ఫోల్డర్‌లో పడాలో ఇవ్వాలి. ఫోల్డర్ నిండా చిన్న చిన్న ఫైళ్లు వచ్చి పడ్డాయి. మొత్తం ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో వేశాను. అందులో ఏది కావాలో ఎంచడానికి ప్రయత్నించి సమయం పాడుచేసుకోలేదు, అప్పటికే కావలసినంత పాడైంది.

ఈసారి 'లోడ్ డ్రైవర్' నొక్కి ఫోల్డర్ చూపించగానే ఒక వరుస కనిపించింది. వీఎండీ కంట్రోలర్ అనీ, పక్కనే 9ఏ0బీ అనీ ఉంది. ఈ కంప్యూటర్‌కు సరిపోని డ్రైవర్లను దాచమనే చోట టిక్కు పెట్టే ఉంది, దాన్ని కదపలేదు. ఆ వరుసను ఎంచుకుని 'నెక్స్ట్' నొక్కాను. చుక్కలు అటూ ఇటూ పరుగెత్తాయి. తెల్లటి పెట్టెలో ఒక వరుస మెరిసింది: డ్రైవ్ 0, కేటాయించని చోటు, 931.5 జీబీ. కుర్చీలోంచి లేచి నిలబడ్డానన్న సంగతి కాసేపటికి గాని గమనించలేదు.

విభజనలేవీ నేను చేయలేదు. ఆ ఖాళీ చోటును అలాగే ఎంచుకుని ముందుకు వెళితే బూట్‌కు కావలసిన ఈఎఫ్ఐ భాగం, 16 ఎంబీల రిజర్వుడు భాగం, మిగతావి విండోసే చేసుకుంటుంది. డ్రైవ్ కనిపించి కూడా ఎక్కించడానికి ఒప్పుకోకపోవడం వేరే జబ్బు. తమ్ముడి పాత డెస్క్‌టాప్‌లో అదే జరిగింది. అతని డిస్కు విభజనలను రాసుకునే ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో ఉంది, యూఈఎఫ్ఐ (కొత్త తరం బయోస్) బూట్‌కు జీపీటీ అనే కొత్త పద్ధతి కావాలి. అక్కడ మాత్రం 'క్లీన్', 'కన్వర్ట్ జీపీటీ' పనికొచ్చాయి, డిస్కులో దాచుకోవలసింది ఏమీ లేదు కాబట్టి.

మొదటి రీస్టార్ట్ దగ్గర గుండె కాస్త తడబడింది. పెన్‌డ్రైవ్ ఇచ్చిన డ్రైవర్‌తో కనిపించిన డ్రైవ్, తనంతట తాను లేచేటప్పుడు మళ్లీ మాయమవుతుందేమోనని. కాలేదు. ఇన్‌స్టాలర్ తాను వాడిన డ్రైవర్‌ను కొత్త విండోస్‌లో కూడా చేర్చిపెడుతుంది.

తర్వాత పేజీలో వైఫై ఎంచుకోమంది. జాబితా ఖాళీ. ఈసారి స్క్రూడ్రైవర్ వైపు చూడలేదు. ఫోనును యూఎస్‌బీ తీగతో తగిలించి దాని ఇంటర్నెట్ అందించాను. కాసేపటికి అప్‌డేట్లతో పాటు వైఫై డ్రైవర్ కూడా వచ్చింది. తమ్ముడికి 'కనిపించింది' అని ఒక్క ముక్క పంపి, ల్యాప్‌టాప్ ఆపి, బోర్లించి, మిగిలిన ఆరు స్క్రూలూ బిగించాను.