రింగు ఒళ్లో పెట్టుకుని ఉద్దానానికి

విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సులో తెల్లవారి ఐదున్నరకి శ్రీకాకుళం బస్సెక్కాను. టికెట్టు కొట్టడానికి వచ్చిన కండక్టరు ఆ మాట మర్చిపోయి నా ఒళ్లోకి చూశాడు. "అదేటి బాబూ, లారీ స్టీరింగా?" అన్నాడు. బాస్కెట్‌బాల్ రింగు అని చెప్పాను. నారింజ రంగు వేసిన ఇనప చుట్టు, అడుగున్నర వెడల్పు, వెనక నాలుగు బెజ్జాల పలక. గోనెసంచిలో చుట్టాను కానీ ఎలా పట్టుకున్నా పక్క సీటాయన మోకాలికి తగులుతూనే ఉంది. ఆయన రణస్థలం దాకా ఓర్చుకుని, ఆ తర్వాత లేచి వెనక సీట్లోకి వెళ్లిపోయాడు.

మా పెద్దక్క భర్త కవిటి మండలంలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో పీఈటీ. ఇంకో రెండేళ్లలో రిటైరవుతాడు. ఈలోగా బడి వెనక జాగా చదును చేయించి, ఊళ్లో వాళ్ల దగ్గరా వీళ్ల దగ్గరా చందాలు పట్టి, ఒక ఇనప స్తంభం, ఒక బోర్డు సంపాదించాడు. ఒక్క స్తంభమే. రెండో వైపు సంగతి తర్వాత చూసుకుందాం అన్నాడు. "రింగు మాత్రం నువ్వే తేవాలిరా" అని నాకు పురమాయించాడు. కాదనడానికి లేదు, నాకు ఈ ఆట నేర్పింది ఆయనే. అక్క పెళ్లయిన కొత్తలో మా ఇంటికి వచ్చినప్పుడల్లా, పుల్లలు పీకేసిన సైకిల్ రిమ్ము పెరటి గోడకి కొట్టి, రబ్బరు బంతితో నన్ను సాయంత్రాలు ఆడించేవాడు. గోడ పెచ్చులూడుతున్నా అల్లుడుగారిని మా నాన్న ఏమీ అనలేకపోయేవాడు. నేను కాలేజీ టీము దాకా వెళ్లాను. మోకాలు దెబ్బతిని అక్కడే ఆగిపోయాను.

బస్సులో నిద్ర పట్టలేదు. చేతిలో రింగుంటే నాకు అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు టిమ్ డంకన్ గుర్తొస్తాడు. మా బ్యాచ్‌లో అందరూ కోబీ బ్రయంట్ మనుషులు, నేనొక్కడినే డంకన్ మనిషిని. "ఆయనది ఆటేమిట్రా, గుమస్తా సంతకం పెట్టినట్టుంటుంది" అని నన్ను ఏడిపించేవారు. ఒక రకంగా నిజమే. రింగు ఊగిపోయేలా వేలాడటం, రొమ్ము చరుచుకోవడం ఆయన దగ్గర లేవు. ఆరడుగుల పదకొండంగుళాల మనిషి, ఒక పక్కగా నిలబడి, బోర్డు మీద గీసిన గడి పైమూలకి మెత్తగా బంతి తగిలించేవాడు. అది జారి రింగులో పడేది. మొహంలో మార్పుండదు, వెనక్కి తిరిగి పరుగెత్తేవాడు. అలా 1997 నుంచి 2016 దాకా అమెరికా లీగు ఎన్‌బీఏలో 19 సీజన్లు, ఒకే జట్టుకి, శాన్ ఆంటోనియో స్పర్స్‌కి. ఐదు టైటిళ్లు, 26,496 పాయింట్లు. ఆ 19 ఏళ్లలో ఆ జట్టు ప్లేఆఫ్స్‌కి, అంటే టైటిలు కోసం ఆడే ఆఖరి పోటీలకి, వెళ్లని ఏడాది లేదు.

శ్రీకాకుళంలో బస్సు మారాను. అరసవల్లి వెళ్లే తీరిక లేక సూర్యనారాయణమూర్తికి కిటికీలోంచే దండం పెట్టుకున్నాను. మడపాం దగ్గర వంశధారలో నీళ్లకన్నా ఇసకే ఎక్కువ కనిపించింది. నరసన్నపేటలో టీ, టెక్కలిలో ఇంకో టీ. కాశీబుగ్గ వచ్చేసరికి జీడిపిక్కల ఘాటు కిటికీలోంచి ముక్కుకి కొట్టింది. అది పీల్చిన కాసేపటికి తల పట్టేసినట్టుంటుంది. రోజంతా ఆ పిక్కల మధ్య కూర్చుని పప్పు తీసే ఆడవాళ్లు ఎలా భరిస్తారో.

కంచిలిలో దిగి సంచీ సర్దుకుంటుంటే తెలిసింది, బోల్టుల పొట్లం లేదు. మొదటి బస్సు సీటు మీదే వదిలేశాను. రింగు బిగించే నాలుగు బోల్టులు, నట్లు, వాషర్లు. రింగుని చంటిపిల్లాడిలా ఒళ్లో పెట్టుకు తెచ్చి బోల్టులు పారేసుకున్నవాణ్ణి ఏమనాలి? బావ స్కూటరు మీద వచ్చి విషయం విని, ఒక్క మాట అనకుండా బండిని హార్డ్‌వేర్ కొట్టు వైపు తిప్పాడు. కొట్టువాడు అదే సైజంటూ ఇచ్చాడు. ఇంటికెళ్లి చూస్తే బెజ్జంలో దూరవు. మళ్లీ వెళ్లి మార్చుకొచ్చాం.

ఉద్దానం రోడ్ల మీద వెళ్తుంటే రెండు పక్కలా కొబ్బరి, మధ్యలో జీడిమామిడి, ఇళ్ల ముందు పనస. ఉద్యానవనం అనే మాటే ఉద్దానం అయిందంటారు. అయితే చెట్ల తలలు ఇప్పుడు ఒక ఎత్తులో లేవు. ఒక ముసలి చెట్టు ఆకాశంలో ఒంటరిగా ఉంటే, దాని చుట్టూ చిన్న చెట్లు ముప్పావు ఎత్తు కూడా లేవు. తిత్లీ తుఫాను చేసిన పని అది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటినప్పుడు గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి. ఆ రోజు నేను విజయనగరంలో కరెంటు పోయిందని విసుక్కుంటూ కూర్చున్నాను. అక్కావాళ్ల ఫోన్లు రెండు రోజులు కలవలేదు.

బడి వెనక కూలీలు గుంత తవ్వుతున్నారు. పదహారడుగుల పైపు, అందులో మూడడుగులు భూమిలో అని బావ లెక్క. పక్క తోట తాత పంచె ఎగ్గట్టి, చేతికర్రతో వచ్చి, కర్రని గుంతలోకి దించి చూశాడు.

"మూడడుగులేటి మాస్టారూ! మన నేల ఇసక. గాలొస్తే పీకి అవతల పారేస్తది."

"ఇది చెట్టు కాదు తాతా, ఇనపది" అన్నాడు బావ.

"తిత్లీకి కరెంటు స్తంభాలు పడిపోలేదేటి? అవేటి అరటి డొప్పలా?"

దానికి బావ దగ్గర జవాబు లేదు. గుంత నాలుగున్నర అడుగులకి దిగింది. బోర్డు క్లాంపులు పైకి జరపాల్సి వచ్చింది కానీ రింగు పదడుగుల ఎత్తులోనే వచ్చేలా సరిపోయింది.

కాంక్రీటు కలుపుతుంటే తాత గట్టు మీద చతికిలబడి తన తోట సంగతి చెప్పాడు. నూట ఇరవై చెట్లలో పదకొండు మిగిలాయట. "తెల్లారి తలుపు తీత్తే సముద్రం కనపడ్డాది బాబూ. మా నాన్న కాలం కాడినుంచీ ఆ ఇంట్లోంచి సముద్రం కనపడనేలేదు. సెట్లు అడ్డం ఉండీవి." మొక్కలు మళ్లీ వేశాడు. ఇప్పుడిప్పుడే కాపు మొదలైంది. కానీ పెద్ద కొడుకు అప్పటిదాకా ఆగలేదు, చెన్నైలో కట్టడం పనికి వెళ్లి అక్కడే ఉండిపోయాడు. అతని కొడుకు ఇదే బళ్లో తొమ్మిదో క్లాసు. కంకర తట్టలు మోస్తున్న పిల్లల్లో అందరికంటే పొడుగువాడు వాడే.

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. తాతకి డంకన్ కథ మొదలెట్టాను. అమెరికాకి దిగువన సెయింట్ క్రోయ్ అని చిన్న దీవి ఉందనీ, అక్కడ ఒక పిల్లాడు ఈతలో గట్టివాడనీ, వాళ్లక్క 1988 ఒలింపిక్స్‌లో ఈదిందనీ, వీడూ అదే దారిలో ఉన్నాడనీ. 1989 సెప్టెంబర్‌లో హ్యూగో తుఫాను వచ్చి దీవిలో ఉన్న ఒకే ఒక్క పెద్ద ఈతకొలనుని పాడుచేసింది. వాడికి అప్పటికి పదమూడేళ్లు.

"కొలను మరి కట్టుకోలేదేటి?"

"కట్టేదాకా సముద్రంలో ఈదమన్నారు తాతా. వాడికి సొరచేపలంటే భయం."

తాత పళ్లులేని నోటితో నవ్వాడు. "సొరకి బయ్యమా? మేం కూర వొండుకుంటాం!"

ఆ నవ్వు ఎక్కువసేపు లేదు. తర్వాతి ఏప్రిల్లో వాడి తల్లి రొమ్ము కేన్సర్‌తో పోయింది, సరిగ్గా వాడి పద్నాలుగో పుట్టినరోజుకి ముందు రోజు. మళ్లీ వాడు పోటీ ఈతకి దిగలేదు. తాత కాసేపు కాంక్రీటు వైపు చూస్తూ కూర్చున్నాడు. "ముందు రోజా?" అని మళ్లీ అడిగాడు. అవునన్నాను.

ఇక్కడి నుంచి కథ బావ అందుకున్నాడు. ఎందుకంటే ఇందులో ఆయనకి బాగా నచ్చిన భాగం ఇదే. అమెరికాలో ఒహాయోలో ఉండే డంకన్ ఇంకో అక్క అంతకుముందే క్రిస్మస్ కానుకగా తమ్ముడికి ఒక బాస్కెట్‌బాల్ స్తంభం, బోర్డు పంపింది. తండ్రి దాన్ని ఇంటి దగ్గర గట్టిగా పాతాడు. హ్యూగో వచ్చి చుట్టుపక్కలన్నీ ఊడ్చుకుపోయినా ఆ స్తంభం కదల్లేదు. తల్లి పోయాక ఆ అక్క భర్తతో కలిసి దీవికి వచ్చేసింది. ఆ భర్త కాలేజీ రోజుల్లో బాస్కెట్‌బాల్ ఆడినవాడు, పేరు రికీ లోరీ. బావమరిదికి ఆట మొదలుపెట్టించింది ఆయనే.

"చూశావా తాతా, అక్క పంపింది, నాన్న పాతాడు, బావ నేర్పాడు" అన్నాడు మా బావ నన్ను ఓరగా చూస్తూ.

"నాన పాతింది లోతు పాతుంటాడు" అన్నాడు తాత.

ఇంకో చిత్రం ఉంది. ఈ కుర్రాడు అంత పొడుగవుతాడని రికీకి తెలియదు. అందుకని పొట్టివాళ్లు ఆడే ఆట నేర్పాడు, బంతి కొట్టుకుంటూ తీసుకెళ్లడం, దూరం నుంచి వేయడం. తర్వాత ఒళ్లు పెరిగింది. నన్నడిగితే డంకన్ చేతిలోని మెత్తదనానికి సగం కారణం ఆ పొరపాటు అంచనాయే. ఏడడుగుల పిల్లాడని ముందే తెలిస్తే రింగు కింద నిలబెట్టి తోయడం మాత్రమే నేర్పేవారు.

మధ్యాహ్నం అక్క పనసపొట్టు ఆవ పెట్టి వండింది. దాని గురించి ఎక్కువ రాయను, చదివేవాళ్లకి అన్యాయం. రెండుసార్లు అన్నం కలుపుకున్నానని మాత్రం చెబుతాను. వాకిట్లో నీళ్ల టిన్నులు వరసగా ఉన్నాయి. కిడ్నీ జబ్బు భయంతో ఇక్కడ బావినీళ్లు తాగేవాళ్లు తగ్గిపోయారు.

స్తంభం నిలబెట్టాం కానీ కాంక్రీటు గట్టిపడేదాకా బోర్డు ఎక్కించకూడదు. పిల్లల మొహాలు వేలాడిపోయాయి. బావ బొగ్గు ముక్కతో బడి గోడ మీద పదడుగుల ఎత్తులో గడి గీశాడు, రెండడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు. ఈ మూలకి తగలాలి అని పైమూల చూపించాడు. పిల్లలు రాయి విసిరినట్టు విసిరారు. బంతి గోడకి కొట్టుకుని తోటలోకి పోయేది. తాత మనవడికి నేను చెయ్యి పట్టుకుని చూపించాను. గోడకి ఎదురుగా కాదు, ఏటవాలుగా నిలబడు. మోచెయ్యి బయటికి పోనివ్వకు. బంతిని కొట్టొద్దు, అక్కడ పెట్టినట్టు పెట్టు. వాడు ఆరోసారో ఏడోసారో వేసినప్పుడు బొగ్గు మూల చెరిగి బంతికి నల్లగా అంటుకుంది. వాడు నవ్వలేదు. బంతి తెచ్చుకుని మళ్లీ అక్కడే నిలబడ్డాడు.

సాయంత్రం బావ నన్ను బారువ తీసుకెళ్లాడు. మహేంద్రతనయ సముద్రంలో కలిసేచోట ఇసక మీద కూర్చున్నాం. మాటల్లో 2013 ఎన్‌బీఏ ఫైనల్స్ వచ్చింది, మా ఇద్దరికీ మానని పుండు అది. ఏడో మ్యాచ్, నిమిషం కూడా లేదు, స్పర్స్ మయామీ జట్టు కన్నా రెండు పాయింట్లు వెనక. రింగు కిందే, డంకన్ లక్షసార్లు వేసిన షాటు, పోయింది. తిరిగొచ్చిన బంతిని తట్టాడు, అదీ పోయింది. వెనక్కి వచ్చి వంగి రెండు అరచేతులతో నేలని చరిచాడు. ఆయన కోపం చూపించడం నేను చూసింది బహుశా అదొక్కసారే. మరుసటి ఏడాది అదే మయామీని 4-1తో ఓడించారు, అప్పటికి ఆయనకి 38 ఏళ్లు.

"వెళ్లిపోయిన తీరు చూడు" అన్నాడు బావ. 2016లో కోబీ సీజనంతా వీడ్కోలు యాత్ర చేసి, ఆఖరి మ్యాచ్‌లో 60 పాయింట్లు కొట్టాడు. అదీ అందమే, కాదనను. అదే ఏడాది జూలై 11న డంకన్ రిటైరయ్యాడని జట్టు ఒక ప్రకటన ఇచ్చింది. ప్రెస్ మీట్ లేదు, ఆఖరి మ్యాచని ముందు చెప్పిందీ లేదు. "నాకూ సభ వద్దురా. శాలువాలు, గజమాల, ఫ్లెక్సీలో నా మొహం, వద్దు" అన్నాడు బావ. ఇంటికి రాగానే అక్కతో ఈ మాట చెప్పాను. "సభ లేకపోతే ఆయన తప్ప అందరూ బాధపడతారు, జరిగి తీరుతుంది" అంది అక్క.

మర్నాడు పొద్దున్న బయల్దేరేముందు బడికి వెళ్లాను. స్తంభం అడుగున నా గోనెసంచి చుట్టి ఉంది. తాత బిందెతో నీళ్లు పోస్తున్నాడు. తడి పెట్టే పని తనే తీసుకున్నాడట, పొద్దునా సాయంత్రం. రింగు హెడ్మాస్టర్ గది బీరువా మీద ఉంది, దాని పక్కన కొత్త బోల్టులు.

వారం తర్వాత బావ ఫోన్ చేశాడు. పిల్లలు రోజూ అడుగుతున్నారట, రింగు ఎప్పుడు కడతారని. వారం చాలని మేస్త్రీ చెప్పినా తాత ఒప్పుకోవడం లేదు. ఇంకో నాలుగు రోజులు నీళ్లు తాగనివ్వమంటున్నాడట.